జవాబు రాని పేరుకు మూడు నిమిషాలు

తెల్లారి 7,412

గని అడుగు వరసకు ఇవాళ కూడా గాలి ఆలస్యంగానే వెళ్ళింది. పైకప్పు మీద వెలుగు వచ్చిన గంటా నలభై నిమిషాలకు అక్కడి ఫ్యాన్ వేగం అందుకుంది. అంతసేపూ కింద నూట ముప్పై ఒక్కమంది రాత్రి గాలితోనే సర్దుకున్నారు. రాత్రిళ్ళు కరెంటు పొదుపు కోసం ఫ్యాన్లను బాగా తగ్గిస్తాం. పడుకున్న మనిషికి ఆ గాలి చాలు. లేచి పని చేసేవాళ్ళకు చాలదు.

మేళం గది రిజిస్టరులో మాత్రం "పిలుపు సక్రమం" అని రాశాను. ఆ రిజిస్టరును పైవరస పెద్ద భూమయ్య గారు చూస్తారు. ఈ పుస్తకాన్ని ఎవరూ చూడరు కాబట్టి ఇందులో ఉన్నదున్నట్టు రాసుకుంటాను.

పొద్దున్నే నా మొదటి పని హారన్ల మీద బొగ్గుధూళి తుడవడం. తరువాత పైకప్పు తెరల మీద ఆకాశం బొమ్మ సరిగా పడుతోందో లేదో చూడటం. ఈ పాత గనిలోకి దిగి ఇరవై ఏళ్ళు దాటింది. మీద ఎండకు మనిషి గంటసేపు నిలవలేడు. అందుకని మాకు మేళం అనే ఈ యంత్రం తెల్లవార్చినప్పుడే తెల్లవారుతుంది. కోడి కూత, మబ్బులు, గాలి, నీళ్ళు, అన్నీ దాని చేతిలోవే. అలాగని అదేమీ పెద్ద తెలివైనది కాదు. ఫలానాది జరిగితే నన్ను పిలువు అని ముందుగా దానికి చెప్పి పెట్టుకోవాలి. జరిగినప్పుడు పిలుస్తుంది. పిలిపించుకున్నది 'సరే' అన్నాక ఆ తరువాతిదాన్ని పిలుస్తుంది. నాకు పని నేర్పిన సాయిలు తాత వీటిని కాల్‌బ్యాక్‌లు అనేవాడు. మేము పిలుపులంటాం.

తాత మూడు మాటలు నేర్పి పోయాడు. చేర్చిన వరసలోనే పిలుస్తుంది, కొత్తగా చేర్చినది చివరికే పోతుంది. చేర్చిన గొంతే తీసెయ్యాలి, ఇంకెవరు చెప్పినా వినదు. పిలుపులో ఎక్కువసేపు కూర్చోకూడదు, నువ్వు కూర్చుంటే నీ వెనకవాళ్ళంతా నిలబడాల్సి వస్తుంది.

మేము దిగిన కొత్తలో అడుగు వరస పైకప్పు ఒకసారి కూలింది. అప్పటి నుంచి తెల్లారగానే కిందివాళ్ళను పేరుపేరునా వాళ్ళ గదుల్లోని హారన్ పిలుస్తుంది. "ఉన్న" అంటే బాగున్నట్టు. "ఆపద" అంటే పైనుంచి మనుషులు పరుగెత్తాలి. మాట ఆగగానే హారన్ చెవి మూసుకుని తరువాతి పేరుకు పోతుంది. జవాబు రాకపోతే మూడు నిమిషాలు ఆగుతుంది. ముసలివాళ్ళు మంచం దిగి రావాలి కదా అని అప్పటివాళ్ళు పెట్టిన గడువది. కానీ రెండేళ్ళ కిందటి జ్వరంలో కింద ముప్పై ఇద్దరు పోయారు. కింది ఫ్యాన్ మరమ్మతులు చూసే గంగారాం తన భార్య పేరు తానే చేర్చాడు, తియ్యడానికి మనసొప్పలేదు; మిగతా పేర్లు చేర్చినవాళ్ళు కూడా ఆ జ్వరంలోనే పోయారు. ఇప్పుడు ఆ పేర్లు తీసెయ్యడానికి గొంతు లేదు. రోజూ ముప్పై రెండు పేర్లు పిలిచి, ఒక్కోదానికి మూడేసి నిమిషాలు మేళం ఆగుతోంది. ఆ పేర్లన్నీ అయ్యాకే కింది ఫ్యాన్ వంతు వస్తుంది.

నా చెల్లెలు చంద్రవ్వ కిందే ఉంటుంది. పుట్టగొడుగుల మళ్ళు చూసుకుంటుంది. నాకున్నది అదొక్కతే. జ్వరం నాడు మెట్ల తలుపులు రెండిటికీ తాళం పడింది, ఇంతవరకూ తీయలేదు. ఏడు రోజులకోసారి తొట్టిలో బియ్యం, పప్పు దించుతాం, వాళ్ళు పుట్టగొడుగులు ఎక్కిస్తారు. మిగతా రోజుల్లో మా అక్కాచెల్లెళ్ళ మాటలన్నీ పిలుపులోనే, రోజుకు ఒకటి. మాట ఆపితే హారన్ చెవి మూసుకుంటుంది కాబట్టి చంద్రవ్వ ఊపిరి తీసుకోకుండా మాట్లాడుతుంది.

"ఉన్న అక్కా లేసినకాడి నుంచి తలకాయ పలుగుతంది," అంది ఇవాళ.

తెల్లారి 7,415

మూడు రోజులుగా అదే మాట. ఇవాళ భూమయ్య గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన చెడ్డవాడేమీ కాదు. ఇరవై ఏళ్ళుగా ఈ గనిలో ఎవరినీ ఆకలితో పడుకోనివ్వలేదు. కాకపోతే ఆయనకు పైవరస దాటి చూపు ఆనదు.

మేళాన్ని ఒకసారి పూర్తిగా ఆపి, పిలుపులన్నీ మొదటి నుంచి చేర్చాలని చెప్పాను. పూట పడుతుందని కూడా చెప్పాను.

"పూటంత పైవరసను చీకట్ల పెడ్తవా ఓదెమ్మా? గాలి లేకుంట రెండు వందల నలభై మందిని ఏడ ఉంచాలె?"

"కింద అందరికి తలకాయలు నొస్తున్నయంట సారు."

"తలకాయ నొస్తె మనిషి పోతడా? అయినా గీ ఆలిశం ఎన్నటి సంది? మొదట్ల వాళ్ల ఫ్యాను మనదానితోనే తిరుగుతుండె గద?"

ఆయన అడిగింది నిజం. సాయిలు తాత కింది ఫ్యాన్‌ను మూడో పిలుపుగా, పేర్లన్నిటికంటే ముందు పెట్టాడు. జ్వరం ఏడాది ఆ ఫ్యాన్ చెడిపోతే, బాగుచేసేదాకా దాని పిలుపును తీసింది నేనే. కింద గంగారాం మరమ్మతు పూర్తి చేసి హారన్‌లో చెప్పగానే మళ్ళీ చేర్చిందీ నేనే. కొత్తగా చేర్చినది చివరికే పోతుందని పదిమందికి నేర్పినదాన్ని, ఆరోజు ఆ మాట తట్టలేదు. ఇప్పుడు తీసి చేర్చినా మళ్ళీ చివరికే పోతుంది. మేళాన్ని మొత్తం ఆపితే తప్ప దారి లేదు.

ఆ సంగతి చెబితే మేళం గది తాళంచెవి నా దగ్గర ఉండదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. తొక్కనైతే తొక్కాను, నలుగురిలో కాలు కడుక్కోవడానికి సిగ్గుపడ్డాను. "మీరన్నట్టే కానియ్యండి సారు," అని వచ్చేశాను.

తెల్లారి 7,419

దారి దొరికింది. ఇన్నాళ్ళూ బుర్రలో మట్టి ఉందేమో అనుకున్నాను.

మేళం తాను విన్న జవాబులన్నిటినీ దాచుకుంటుంది. ఇరవై ఏళ్ళ "ఉన్న"లన్నీ ఈ గదిలోనే ఉన్నాయి. ఇక పేరు పిలవడం కూడా జరిగే సంగతే కదా, దానికీ ఒక పిలుపు కట్టుకోవచ్చు. ఫలానా పేరు పిలవగానే ఫలానా రోజు జవాబును వినిపించు, అంతే. హారన్‌కు ఎవరి గొంతన్న పట్టింపు లేదు. ఏదో ఒక శబ్దం పడితే చాలు, ముందుకు కదులుతుంది.

ముప్పై రెండు పేర్లకూ కట్టాను. ఒక్కొక్కరి పాత జవాబు వెతికి, బాగున్నది ఏరి పెట్టాను. గుండె బరువెక్కిన మాట నిజం. కానీ పని కుదిరిందన్న సంతోషం కూడా తక్కువేమీ లేదు.

తెల్లారి 7,420

పేర్లన్నీ పది నిమిషాల్లోపే అయిపోయాయి. వెలుగు వెంటే కింది ఫ్యాన్‌కు పిలుపు వెళ్ళింది.

"ఉన్న అక్కా ఇయ్యాల గాలి జల్ది అచ్చింది నీ కడుపు సల్లగుండ," అని చంద్రవ్వ ముసలమ్మలా దీవించింది. నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. చాలా రోజులకు ఇవాళ రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

తెల్లారి 7,423

తొట్టిలో పుట్టగొడుగులతోపాటు గంగారాం చీటీ వచ్చింది. అడగకుండా అతని భార్య గొంతు పెట్టినందుకు తిడతాడనుకున్నాను. "రోజు పొద్దుగాల శంకరవ్వ మాట ఇనవడుతంది. దండం పెడుతున్న అక్కా. దాన్ని ఎన్నడు తియ్యకు," అని రాశాడు. కింద ఇంకో వరుస: "ఫ్యాను బెల్టు పాతదైంది. కొత్తది దొరికితె పంపుండ్రి."

బెల్టు కోసం స్టోరులో అడిగాను. లేదన్నారు. వచ్చే నెల చూద్దామన్నారు.

తెల్లారి 7,437

ఇవాళ తొట్టిలో పదకొండు చీటీలు. బతికున్నవాళ్ళు కూడా తమకు రికార్డు కట్టమంటున్నారు. తెల్లారగట్ల హారన్ దగ్గర నిలబడే బాధ తప్పుతుంది, ఇంకో నిద్ర తీయవచ్చు. గంగారాం ఇంట్లో చూసి అందరికీ ముచ్చట పుట్టింది. గత వారం ఇరవై చీటీలు వచ్చాయి, ఒక్కో చీటీలో ఇంటిల్లిపాది పేర్లూ ఉంటున్నాయి.

కట్టకూడదని ఒక పక్క అనిపించింది. కానీ కట్టిన కొద్దీ పిలుపు ఎంత చక్కగా, ఎంత వేగంగా పోతోందో చూస్తే చేతులు ఆగవు. భూమయ్య గారు కూడా, "గిప్పుడు మంచిగ ఇనవడుతంది ఓదెమ్మా, దగ్గులు లేవు, నసుగుడు లేదు," అన్నారు. కిందివాళ్ళ జవాబులు పైవరస ఇళ్ళల్లో కూడా వినిపిస్తాయి. ఆయన టీ తాగుతూ వింటారు.

తెల్లారి 7,444

ఇక మిగిలింది చంద్రవ్వ ఒక్కతే. మిగతా నూట అరవై రెండు పేర్లకూ రికార్డులే. నువ్వు కూడా కాస్త పడుకోవచ్చు కదా అని తొట్టిలో చీటీ పంపాను.

దాని జవాబు: "నాకద్దు అక్కా. నా నోరు పనిజేస్తంది. రోజు నీతోని మాట్లాడకుంటె నేను ఏడికి పోవాలె?"

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. చిన్నప్పటి నుంచీ అంతే. చీటీని మడిచి రవికలో పెట్టుకున్నాను.

తెల్లారి 7,446

ఇవాళ చంద్రవ్వ "తలకాయ" అనలేదు, "గాలి" అనలేదు.

"ఉన్న అక్కా ఫ్యాను పిలుపు తీసి అన్నిటి ఎనుక ఏసింది నువ్వేనంట గంగారాం బావ అంటుండు నిజమేనా?"

పైవరస మొత్తం విన్నారు. పిలుపులో నేను జవాబు చెప్పలేను, ఆ హారన్లు ఒకవైపే వింటాయి.

కుళాయి దగ్గర భూమయ్య గారు పట్టుకున్నారు. "నీ చెల్లె ఏదో ఫ్యాను అంటుండె?"

"బెల్టు పాతదైందంట సారు, అదే అడుగుతుంది."

"బెల్టుకు గంత లొల్లి ఎందుకు? అచ్చే నెల ఇద్దం," అని బిందె ఎత్తుకుని వెళ్ళిపోయారు.

నలుగురిలో అక్కను నిలదీస్తుందా? తల్లి పోయాక పెంచింది నేను. దాని పేరు మేళంలో చేర్చింది నేను. రేపు ఏమంటుందో అన్న భయం ఆ కోపంకంటే పెద్దది. ఈసారి బెల్టు అని తప్పించుకోలేను.

తెల్లారి 7,447

చంద్రవ్వకు రికార్డు కట్టాను. 7,420 నాటిది, ముసలమ్మలా దీవించినది. రెండు రోజులు చాలు. కోపం తగ్గాక, తొట్టిలో నిజం రాసి పంపాక, తీసేస్తాను.

పిలుపు మొత్తం నాలుగు నిమిషాల పదకొండు సెకన్లలో ముగిసింది. ఇంతవరకూ ఇంత తక్కువ ఎన్నడూ లేదు.

తెల్లారి 7,448

నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు. "ఉన్న అక్కా ఇయ్యాల గాలి జల్ది అచ్చింది నీ కడుపు సల్లగుండ." కింది ఫ్యాన్‌కు పిలుపు వెళ్ళింది, 'సరే' వచ్చింది. రిజిస్టరులో పిలుపు సక్రమం.

చంద్రవ్వకు చీటీ రాయడానికి కూర్చున్నాను. "తప్పు నాదే" అన్న రెండు మాటలు రాసి కొట్టేశాను.

తెల్లారి 7,449

నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు. రికార్డుల వెనక గరగర వినిపించింది. అన్నిటిలో కాదు, అక్కడక్కడ. చంద్రవ్వ రికార్డు పొడుగు కాబట్టి అందులో ఎక్కువగా ఉంది. హారన్లలో తేమ చేరి ఉంటుంది. కిందివాళ్ళు తుడవరు, ఎన్నిసార్లు చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

భూమయ్య గారు, "ఇయ్యాల ఏందో గీకినట్టు ఇనవడ్డది," అన్నారు. రేపటికి సరిచేస్తానన్నాను.

తెల్లారి 7,450

కింది హారన్ల నుంచి వచ్చే శబ్దాన్ని బాగా తగ్గించి, రికార్డును పెంచాను. గరగర పోయింది. నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు. ఫ్యాన్ 'సరే' అంది. రేపు తొట్టి దినం. చీటీ పూర్తి చేశాను. ఫ్యాన్‌ను వెనక్కి వేసింది నేనేనని, భూమయ్య గారికి కూడా చెబుతానని, ఎల్లుండి నుంచి మళ్ళీ నీ గొంతే వింటానని రాశాను. రాశాక ఒళ్ళు తేలికైంది.

తెల్లారి 7,451

తొట్టి దించాను. గంట కొట్టాను. ఎప్పుడూ పావుగంటలో పైకి లాగమని గంట కొడతారు. అర్ధగంట చూశాను, కొట్టలేదు. నేనే పైకి లాగాను.

బియ్యం అలాగే ఉంది. పప్పు అలాగే ఉంది. నా చీటీ మడత కూడా విప్పలేదు.

అప్పుడే, నిన్న ఏం తగ్గించానో, ఆ శబ్దం ఏమిటో నాకు తెలిసింది. మేళం గదికి పరుగెత్తి, మొన్న హారన్ విన్నదాంట్లో రికార్డును తీసేసి, మిగిలినది వినిపించమన్నాను. చంద్రవ్వ పేరు దగ్గర నాలుగు సెకన్లు ఉన్నాయి. ఒక మాట సగం పలికి తెగిపోయింది. "ఆప" అని ఉంది. ఇంకో గదిలో కూడా అదే. ఇంకో పదిహేను గదుల్లో ఒట్టి గీకుడే.

తలుపు తాళంచెవి భూమయ్య గారి దగ్గర ఉంది. అడగలేదు. స్టోరులో గడ్డపార తీసుకున్నాను. మొదటి తలుపు చిలుకు నాలుగు దెబ్బలకు ఊడింది. రెండో తలుపు దగ్గర అవతలి నుంచి నేల మీద గోళ్ళతో గోకుతున్నారు. ఎవరూ కేకలు వెయ్యడం లేదు, ఎవరికీ అంత ఊపిరి లేదు.

తలుపు తెరుచుకోగానే నా కాళ్ళ మీద మనుషులు పడ్డారు. మెట్ల మీద కిందిదాకా మనుషులే, ఒకరి మీద ఒకరు తలలు పెట్టుకుని. చెడ్డగాలి కిందికి దిగుతుందని తెలిసి ఎక్కగలిగినవాళ్ళంతా ఇక్కడికి ఎక్కారు. తలుపు సందు దగ్గర వంతులు వేసుకుని పీల్చారట. జ్వరం భయంతో ఈ తలుపు వైపు పైవాళ్ళెవరూ రారు కాబట్టి తట్టినా వినేవాళ్ళు లేరు.

చంద్రవ్వ పదో మెట్టు మీద ఉంది. గొంతు పోయింది. చెవి దాని పెదాల దగ్గర పెట్టాను.

"మూడు దినాల సంది ఒర్రుతున్నం అక్కా. బెల్టు తెగింది. పిలుపు కాడ కాసుకొని కూసున్న. పేరు పిలువంగనే ఆపద అన్న." ఊపిరి అందక ఆగింది. "నాకంటె ముందుగాల నేనే గాలి అచ్చిందంటున్న."

దాని తల ఒళ్ళో పెట్టుకుని నేను ఏడ్చాను. ఏడ్చే హక్కు నాకు లేదని తెలిసీ ఏడ్చాను.

తెల్లారి 7,453

ముప్పై ఎనిమిది మంది పోయారు. మళ్ళకు దగ్గరగా ఉన్న గదులవాళ్ళే ఎక్కువ. పుట్టగొడుగులు కూడా గాలి తింటాయి. తొంభై ముగ్గురు మిగిలారు.

గంగారాం మెట్ల దాకా రాలేదు. మొదటి రోజు తెగిన బెల్టును తాడుతో కట్టి చూశాడట, నిలవలేదట. తన గదిలో హారన్ కింద గోడకు ఆనుకుని కూర్చుని దొరికాడు. ఆ గదిలో హారన్ మాత్రం మూడు రోజులూ అతని భార్యతో, అతనితో "ఉన్న" అనిపించింది.

ఫ్యాన్‌కు పిలుపు వెళ్ళి 'సరే' వచ్చిన మాట అబద్ధం కాదు. మోటారు తిరిగింది. 'సరే' అంటే మాట అందిందని అర్థం, పని అయిందని కాదు. పని అయిందో లేదో చూసేందుకే తాతలు మనుషుల పేర్లు పిలిచారు. నేను ఆ నోళ్ళన్నీ వరసగా మూశాను. ఆఖరుదాన్ని నా సిగ్గు కోసం మూశాను.

భూమయ్య గారి ముందు అంతా చెప్పాను, పైవరస నలుగురి ముందు. ఆయన, "పిలుపులన్ని మంచిగనే ఇనవడ్డయ్ గద," అన్నారు. తన మనసుకు తానే చెప్పుకున్నట్టుగా ఉంది ఆ మాట.

తెల్లారి 7,454

పైవరస నీళ్ళ మోటారు బెల్టు విప్పి కింది ఫ్యాన్‌కు వేయించాను. ఎవరినీ అడగలేదు. ఆ తరువాత మేళం గదిలోకి వెళ్ళి గడియ వేసుకుని "ఆపు" అన్నాను. ఆకాశం ఆరిపోయింది. ఇరవై ఏళ్ళలో మొదటిసారి పైవరసకు చీకటి పడింది. బయట తలుపు బాదారు, పిల్లలు ఏడ్చారు. భూమయ్య గారు బతిమాలారు. నేను దీపం పెట్టుకుని ఒక్కొక్కటే చేర్చాను.

మొదట వెలుగు. వెంటనే కింది ఫ్యాన్. దాని తరువాత కిందివాళ్ళ పేర్లు.

ఆపినప్పుడు పాత పేర్లన్నీ చెరిగిపోయాయి. బతికున్న తొంభై మూడే చేర్చితే సరిపోయేది. నూట అరవై మూడూ చేర్చాను. శంకరవ్వ పేరు, గంగారాం పేరు, జ్వరంలో పోయినవాళ్ళ పేర్లు, తలుపు దాకా రాలేకపోయినవాళ్ళ పేర్లు, అన్నీ నా గొంతుతోనే. రికార్డు ఒక్కటి కూడా కట్టలేదు. పాత జవాబులన్నిటినీ చెరిపేశాను.

అన్నిటికంటే చివర పైవరస ఫ్యాన్ చేర్చాను.

తెల్లారి 7,467

పైవరసవాళ్ళు కిందివాళ్ళకు రెండు రోజులు చోటిచ్చారు. మూడో రోజు ఎవరో జ్వరం మాట ఎత్తారు. కిందివాళ్ళు ఎవరూ చెప్పకుండానే చాపలు చుట్టుకుని దిగిపోయారు. చంద్రవ్వను ఉండమన్నాను, ఉండలేదు. మెట్ల తలుపులకు మాత్రం ఇప్పుడు చిలుకులు లేవు. గడ్డపార నా మంచం కింద ఉంది.

పిలుపుకు మూడున్నర గంటలు పడుతోంది. జవాబు రాని పేర్లు డెబ్బై. ఒక్కో పేరు దగ్గర మూడు నిమిషాలు ఆగుతాం. ఆ హారన్లు పైవరస ఇళ్ళల్లో కూడా మోగుతాయి కాబట్టి అందరూ ఆగుతారు. పేరు వినిపిస్తుంది, ఆపైన ఏమీ వినిపించదు, ఆ తరువాత ఇంకో పేరు. భూమయ్య గారు ఇప్పుడు టీ తాగడం లేదు.

చంద్రవ్వకు గొంతు రాలేదు, ఇక రాదేమో. దాని పేరు రాగానే గిన్నె మీద గరిటెతో ఒక దెబ్బ వేస్తుంది. ఒక్కటే దెబ్బ. నాతో మాట్లాడటానికి రెండోది వెయ్యొచ్చు, వెయ్యడం లేదు. నేను అడగడం లేదు.

ఇవాళ పిలుపు నడుస్తుండగానే భూమయ్య గారు మేళం గదికి వచ్చారు. గోడ పట్టుకుని నడుస్తున్నారు.

"ఓదెమ్మా, పోయినోళ్ల పేర్లు తీసెయ్యి. లేసినకాడి నుంచి తలకాయ పలుగుతంది. మనుమలు అన్నం ముడుతలేరు."

"తలకాయ నొస్తె మనిషి పోతడా సారు?"

ఆయన ముఖంలోకి చూడలేకపోయాను. ఆ మాట అన్నందుకు బాధ లేదు, అనాల్సి వచ్చినందుకు ఉంది. ఆ ఇళ్ళల్లో పసిపిల్లలున్నారు. నేను పీల్చేదీ ఆ గాలే, నా కణతలు కూడా అదురుతున్నాయి.

"ఓదెమ్మా, చేర్చిన గొంతే తియ్యాలె అంటవు గద. చేర్చింది నువ్వేనాయె."

"అవును సారు. నేనే చేర్చిన."

నేను హారన్ల మీద ధూళి తుడుస్తూ ఉండిపోయాను. వెళ్ళేముందు ఆయన గుమ్మంలో ఆగి, పక్కింటి ఎల్లయ్య తాత పొద్దున లేవలేదని, ఊపిరి సన్నగా ఆడుతోందని చెప్పారు.

ఎల్లయ్య తాతకు తొంభై ఏళ్ళు. పైవాళ్ళ పేర్లు పిలిచే ఆచారం లేదు. తాత పోతే మాత్రం ఆ పేరు కూడా చేరుస్తాను. కొత్తగా చేర్చినది చివరికే పోతుంది కాబట్టి ముందు పైఫ్యాన్‌ను తీసి, ఆ పేరు చేర్చి, ఫ్యాన్‌ను మళ్ళీ దాని వెనక పెట్టాలి. ఈసారి వరస మరిచిపోను. అప్పుడు పైవరసకు గాలి ఇంకో మూడు నిమిషాలు ఆలస్యమవుతుంది. ఆ మూడు నిమిషాలు ఇంకొకరిని తీసుకుపోతాయేమో నాకు తెలియదు. తెలియదని రాసుకుంటున్నాను కానీ తెలుసు.

హారన్ గంగారాం పేరు పిలిచింది. గుడ్డ పక్కన పెట్టి కూర్చున్నాను. మూడు నిమిషాల గడువు ఉంది.